ఎలుగుబంటి ఇంట్లో చెప్పుల జత

చీమ గడప మీంచి లేవనంటోంది.

యూనిఫాం వేసుకుంది. జడలు వేయించుకుంది. బూట్లు కూడా తొడుక్కుంది. పుస్తకాల సంచీ మాత్రం పక్కన పడేసి, బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, వీధి గేటు వైపు చూస్తూ కూర్చుంది. స్కూలు వ్యాను వచ్చి హారన్ కొట్టింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏం పాపా, రావా?" అన్నాడు.

"ఇవాళ మా నాన్న వస్తున్నాడు" అంది చీమ.

డ్రైవరు సంతోషించి, ఇంకోసారి హారన్ కొట్టి మరీ వెళ్ళిపోయాడు.

ఆ మాట వంటింట్లో ఉన్న అమ్మమ్మకి వినపడింది. ముందుగదిలో రాతబల్ల దగ్గర కూర్చున్న పెద్దమ్మకి వినపడింది. వెనకగదిలో రంగులు కలుపుతున్న తల్లికీ వినపడింది. ముగ్గురిలో ఒక్కరూ బయటికి రాలేదు. వస్తే ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది మరి.

ఆ ఏడేళ్ళ పిల్లకి చీమ అని పేరు పెట్టింది అమ్మమ్మే. పంచదార ఏ డబ్బాలో దాచినా, చాక్లెట్ ఏ బీరువా మీద పెట్టినా వెతికి పట్టుకోకుండా వదిలేది కాదు. నిన్న సాయంత్రం మాత్రం ఎవరూ దాచామని ఒప్పుకోని వస్తువొకటి పట్టుకుంది. ప్రెస్సు నుంచి కొత్త పుస్తకం ప్రూఫులు వచ్చాయి. ఆఖరి పేజీలో, ఎలుగుబంటి ఇంటి గడప పక్కన, ఒక చెప్పుల జత ఉంది.

చివరికి అమ్మమ్మే తువ్వాలుకి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"లే తల్లీ, ఎండ మొహాన కొడుతోంది. లోపలికొచ్చి కూర్చుని చూడు."

"లోపల్నుంచి గేటు కనపడదు."

"గేటు చప్పుడైతే నేను చెప్తాగా."

"నీకు సరిగ్గా వినపడదుగా అమ్మమ్మా."

అమ్మమ్మ వచ్చిన దారినే వెనక్కి తిరిగి, రాతబల్ల ముందు ఆగింది.

"ఏమే, నీ పుస్తకమేగా ఇంత పనీ చేసింది. నువ్వే వెళ్ళి లేపు."

"నేను రాసినదాంట్లో చెప్పుల్లేవమ్మా."

"రాతలో లేనివి బొమ్మలోకెలా వచ్చాయి? వాటంతటవే నడిచొచ్చాయా?"

ఆ ప్రశ్న రాత్రంతా పెద్దమ్మ కూడా వేసుకుంటూనే ఉంది. ఈ ఇంట్లో కథలు రాసేది ఆవిడ. బొమ్మలు వేసేది చెల్లెలు, అంటే చీమ తల్లి. ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. కథ పూర్తయ్యాక అది వెనకగదిలోకి వెళ్ళిపోతుంది. బొమ్మలన్నీ అయ్యేదాకా అక్క ఆ గదిలో అడుగుపెట్టదు, ఫలానాది గీయమని చెప్పదు. మాటలు చెప్పిందే బొమ్మ కూడా చెబితే ఇద్దరెందుకు, ఒకరు చాలు కదా అని ఆవిడ వాదన. అదే ఇప్పుడు కొంప ముంచింది. ప్రూఫులు చేతికొచ్చాక కూడా ఆవిడ అక్షరాలు చూసుకుందే తప్ప గడప దగ్గర ఏముందో చూడలేదు. పెద్దవాళ్ళు పుస్తకం అలాగే చదువుతారు.

పెద్దమ్మ వచ్చి చీమ పక్కన గడప మీద కూలబడింది.

"ఏం ఉంది డబ్బాలో?"

"తెలుసుగా. నాన్నవి."

తెలుసు. ఏ బిస్కెట్ ప్యాకెట్ విప్పినా చీమ అందులోంచి ఒకటి తీసి ఆ రేకు డబ్బాలో వేస్తుంది. నాన్న వాటా. నాన్న వేరే ఊళ్ళో పనికని వెళ్ళినప్పటి నుంచి అదే వరస. మొదట్లో ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. తర్వాత ఆదివారాలు చేశాడు. వానాకాలంలో ఒకసారి భార్యకి ఫోన్ చేసి, ఇక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నాననీ, ఇక రాననీ, పాపకి నువ్వే ఎలాగో చెప్పమనీ అన్నాడు. పాపకి ఎవరూ ఎలాగూ చెప్పలేదు. నాన్నకి పని ఎక్కువగా ఉందన్నారు, అంతే.

"చీమా, ఆ చెప్పులు ఎలుగుబంటి వాళ్ళ నాన్నవేమోనే."

"ఎలుగుబంట్లు చెప్పులేసుకోవు పెద్దమ్మా."

"కథలో వేసుకోవచ్చుగా."

"నీ కథలో ఎవరూ వేసుకోలేదు. మొదటి పేజీలో అమ్మ ఎలుగుబంటికి లేవు. పడవ నడిపే ఎలుగుబంటికి లేవు. పెళ్ళికెళ్ళే ఎలుగుబంట్లకి టోపీలున్నాయి గానీ చెప్పుల్లేవు. నేను మళ్ళీ మళ్ళీ చూశా. పుస్తకం మొత్తానికి ఒక్కటే జత."

పెద్దమ్మ ఆ పేజీలన్నీ మనసులో మళ్ళీ తిప్పి చూసుకుంది.

"ఎడమ చెప్పుకి ఎర్ర దారం ఉంది. నాన్న కుట్టుకుంటుంటే నేనే ఇచ్చా ఆ దారం. నా రిబ్బను పెట్టెలోది. వెళ్ళేటప్పుడు ఆ చెప్పులే వేసుకెళ్ళాడు. మళ్ళీ గుమ్మం దగ్గరున్నాయంటే వచ్చేస్తున్నట్టేగా?"

"బొమ్మేగా చీమా అది."

"అమ్మ చూడకుండా ఏదీ గీయదు. బకెట్టు గీయాలన్నా బకెట్టు ముందు పెట్టుకుంటుంది. చెప్పులు చూసింది కాబట్టే గీసింది. నాకు చెప్తే స్కూల్లో అందరికీ చెప్పేస్తానని దాచింది. నత్త బదులు దాచింది."

నత్త సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, బయట ఎవరికీ తెలీదు. చెల్లెలు ఏ పుస్తకానికి బొమ్మలు వేసినా ప్రతి పేజీలోనూ ఎక్కడో ఒకచోట గోరంత నత్తని దాస్తుంది. టీ కప్పు చెవిలోనో, మబ్బు అంచు మీదో, ఏనుగు కాలిగోళ్ళ మధ్యో. పాఠకులకని కాదు, ఒక్క చీమకి. ప్రూఫులు రాగానే మొదటి నత్తవేట చీమదే.

పెద్దమ్మ లేచి తిన్నగా వెనకగదిలోకి నడిచింది.

*

చెల్లెలు బల్ల మీదకి వంగి, సన్న కుంచెతో తెల్లరంగు కలుపుతోంది. ఎదురుగా ఆఖరి పేజీ అసలు బొమ్మ ఉంది.

"ఇప్పుడే కప్పేస్తాను" అంది తల ఎత్తకుండానే. "పుస్తకం అచ్చేసే నీతిగారు వస్తాడుగా, కొత్త బొమ్మ ఇచ్చి పంపిద్దాం."

"దీన్ని తెల్లరంగుతో కప్పుతావు సరే. గడప మీద కూర్చున్నదాన్ని దేంతో కప్పుతావు?"

కుంచె ఆగింది.

"కావాలనే గీశావా?"

"తెలీదక్కా. నత్తని గీద్దామనే అక్కడికొచ్చాను. చెయ్యి చెప్పులు గీసింది."

"చెయ్యి గీసిందిట! ఎర్ర దారం కూడా చెయ్యే ఎక్కించిందా?"

చెల్లెలు కుంచెని నీళ్ళలో ముంచి, గుడ్డకి తుడిచి, మళ్ళీ ముంచింది.

"నా ఆఖరి వాక్యమేమిటి? 'ఆ సాయంత్రం మూడో గిన్నెలో తేనెని అమ్మా పిల్లా చెరిసగం తిన్నారు.' అంతే. నాన్న కోసం దాచింది తినేశారు, బతుకు వాళ్ళిద్దరిదీ అని. దాని పక్కన నువ్వు చెప్పులు పెడితే ఏమైంది? ఆయన గుమ్మంలో ఉండగానే ఆయన వాటా మింగేసినట్టయింది."

"నీకు నీ వాక్యం గొడవ."

"మరి నాకింకేం గొడవుంటుంది? రాసేదాన్ని."

"అదేగా నేనూ అడుగుతున్నాను." చెల్లెలు ఇప్పుడు తలెత్తింది. "నా కాపురం మీద పుస్తకం రాశావు. నన్నొక్క మాట అడిగావా?"

"అది ఎలుగుబంట్ల కథ."

"ఎవరికి చెప్తావక్కా? నా పిల్ల వాళ్ళ నాన్నకని డబ్బాలో బిస్కెట్లు దాచుకుంటే, నీ కథలో అవి తేనె అయ్యాయి. డబ్బా గిన్నె అయింది. నాకు ఒళ్ళంతా బొచ్చు మొలిచింది. ఇంతేగా తేడా?"

ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళే. ఇవాళ నవ్వు రాలేదు.

"నువ్వు దానికి చెప్పవు. చెప్తానంటే అమ్మ చెప్పనివ్వదు. ఎవరో ఒకరు చెప్పాలా వద్దా?"

"చెప్పు. నోటితో చెప్పు. నీకు లేని నోరా? పుస్తకం చేత ఎందుకు చెప్పించడం?"

"పిల్లలకి కథలో చెబితే..."

"ఆగు. ఈ కథ దానికి చదివి వినిపించావా?"

పెద్దమ్మ కిటికీ వైపు చూసింది.

ఇది రెండో పద్ధతి. మొదటిదానికంటే పాతది. ఏ కథైనా ముందు చీమ వినాలి. చీమ కుర్చీలో కూర్చుని వింటుంది. పెద్దమ్మ పెన్సిలు పట్టుకుని చదువుతుంది. ఎక్కడ చీమ కాళ్ళు ఊగడం మొదలవుతాయో అక్కడ ఒక గీత పడుతుంది. ఆ గీత పడ్డ చోట ఎంత గొప్ప వాక్యమున్నా ఎగిరిపోవాల్సిందే. "నాకు చదువుకున్న సంపాదకులక్కర్లేదు, రెండు కాళ్ళు చాలు" అని ఒక సభలో కూడా చెప్పింది ఆవిడ. చప్పట్లు బాగానే పడ్డాయి.

"తీరిక లేకపోయింది" అంది.

"అన్ని కథలకీ ఉన్న తీరిక దీనికే లేకుండా పోయిందా? నీతిగారిని రోజూ వెక్కిరిస్తావు, కథలో నీతిమాత్ర పెట్టి మింగిస్తాడని. నువ్వు పెట్టిందేమిటక్కా? మాత్ర కాదా? అది కూడా నా పిల్ల నోట్లో."

పెద్దమ్మకి ఒళ్ళు మండిపోయింది. మంట అంతా చెల్లెలి మీద కాదని ఆవిడకి తెలుస్తూనే ఉంది. చీమకి చదివి వినిపిస్తే ఏమవుతుందో రాసేటప్పుడే తెలుసు. ఎవరిదీ మూడో గిన్నె, నాన్నదా అని అడుగుతుంది. అడిగితే మొహం చూసి చెప్పాలి. అచ్చయిన పుస్తకానికైతే మొహం ఉండదు. భయపడింది, అంతే. దానికి ఇంకే పేరూ అక్కర్లేదు.

"నువ్వూ తక్కువ తినలేదు" అంది తలుపు దగ్గర ఆగి. "ఆయన రాడని నేను రాస్తే నువ్వు వస్తాడని గీశావు. మనిద్దరం దాని ఎదురుగా దెబ్బలాడుకోకుండా పుస్తకంలో దెబ్బలాడుకున్నాం."

అప్పుడే గేటు చప్పుడైంది.

గడప మీద చీమ ఒక్క ఉదుటున లేచింది. డబ్బాలో బిస్కెట్లు గలగలమన్నాయి.

*

వచ్చింది నీతిగారు.

ఆయన ప్రచురణకర్త. మనిషి మంచివాడు, ఇచ్చిన మాట తప్పడు. ఏ కథ ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి, "ఇందులో నీతేమిటండీ?" అని మాత్రం అడుగుతాడు. అందుకని ఇంట్లో ఆ పేరు స్థిరపడింది. ఆయన స్కూటరుకి స్టాండు వేసి, హెల్మెట్ తీసేసరికి ఎదురుగా పిల్ల నిలబడి ఉంది.

"అంకుల్, దారిలో మా నాన్న కనిపించాడా?"

"లేదమ్మా. ఎందుకు, ఊర్నించి వస్తున్నారా?"

"ఊఁ."

"అయితే వచ్చేస్తారులే. దారిలో ట్రాఫిక్ అలా ఉంది మరి" అని బుగ్గ తట్టి, పిల్లని దాటుకుని లోపలికొచ్చాడు.

చీమ మళ్ళీ కూర్చుంది. ఈసారి ఇంకాస్త నిబ్బరంగా కూర్చుంది. బయటివాళ్ళు కూడా చెప్పారు కదా.

నీతిగారు కుర్చీలో సర్దుకుని, అమ్మమ్మ ఇచ్చిన టీ అందుకుని, మొహమంతా వెలిగించుకున్నాడు.

"ఆఖరి పేజీ చూశానండీ. ఆ చెప్పులు! నిజం చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి. మాటల్లో లేనిది బొమ్మలో పెట్టేశారు. చెల్లెలుగారికి నా అభినందనలు చెప్పండి. ఇక మీరు ఒక్క వాక్యం కలిపేస్తే పండిపోతుంది."

"ఏం కలపమంటారు?"

"'అంతలో నాన్న వచ్చాడు.' అంతే! పిల్లలు నవ్వుతూ పుస్తకం మూస్తారు. నీతి కూడా కుదిరింది. ఓపిక పట్టినవాళ్ళకి మంచి జరుగుతుంది అని."

"పుస్తకం మూశాక పిల్లలేం చేస్తారో మీరెప్పుడైనా చూశారా?"

"ఏం చేస్తారండీ, ఇంకోటి కొనమంటారు."

"గడప మీద కూర్చుంటారు. ఇందాక మీరు దాటుకొచ్చింది ఆ పాఠకురాలినే."

నీతిగారికి అర్థం కాలేదు. పెద్దమ్మ గొంతు తగ్గించి, చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చెప్పింది. చెల్లెలి మొగుడు రాడని, పిల్లకి తెలీదని, చెప్పుల జత ఎవరిదని. వింటూ వింటూ ఆయన మొహంలో వెలుగు తగ్గిపోయింది.

"అయ్యయ్యో. నేను... వచ్చేస్తారులే అనేశానండీ."

"మేమందరం రోజూ అదేగా అంటున్నాం. మీరు కాస్త ఆలస్యంగా చేరారు."

ఆయన టీ తాగలేక, గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు. కాసేపటికి ఈ ఇంటి బాధ ఇలా ఉండగానే వ్యాపారం గుర్తొచ్చింది. తప్పు పట్టడానికి లేదు, ఆయన పని అది.

"చెప్పులు తీసేయిద్దామా పోనీ? సాయంత్రం ప్రెస్సులో మెషీను మనకిస్తామన్నారు. ఇది తప్పితే మళ్ళీ స్కూళ్ళు తెరిచేదాకా దొరకదు. ఏదో ఒకటి మీరు తేల్చేస్తే..."

"తేల్చేది నేను కాదు" అంది పెద్దమ్మ. ప్రూఫుల కట్ట తీసుకుంది. బల్ల మీద పెన్సిలు వెతుక్కుంది. "మీరు కాస్త కూర్చోండి. ఈ కథకి జరగాల్సిన పని ఒకటి జరగలేదు."

*

"చీమా, కథ వింటావా?"

"నిన్న చూశాగా."

"చూశావు. నేను చదవలేదుగా."

చీమ గేటు వైపు ఒకసారి చూసి, సరేనని జరిగి చోటిచ్చింది. పెద్దమ్మ చదవడం మొదలుపెట్టింది.

చదవడంలో ఆవిడకి మెలకువలు తెలుసు. వాక్యాన్ని పేజీ చివర సగంలో ఆపేస్తుంది. మిగతా సగం కావాలంటే తిప్పాలి. తిప్పే చెయ్యి పిల్లదే కావాలి. ముప్పై ఏళ్ళుగా ఆవిడ నేర్చుకున్న విద్యంతా ఆ తిప్పే క్షణం చుట్టూనే ఉంటుంది.

"'పిల్ల ఎలుగుబంటి మూడు గిన్నెలు తీసుకుని తేనెపట్టు దగ్గరికి వెళ్ళింది. ఒకటి అమ్మకి. ఒకటి తనకి. మూడోది...'"

చీమ పేజీ తిప్పింది.

"'...ఇంట్లో లేనివాళ్ళకి. ఇంట్లో లేనివాళ్ళకి ఆకలేస్తుందా, అని తేనెటీగలు అడిగాయి. పిల్ల ఎలుగుబంటి ఆలోచించింది. వెయ్యకపోయినా వాటా ఉంటుంది, అంది.'"

చీమ కాళ్ళు ఊగడం లేదు. డబ్బా మీద వేళ్ళు మాత్రం బిగుసుకున్నాయి. పడవ పేజీ అయింది. పెళ్ళి పేజీలో టోపీల దగ్గర చిన్నగా నవ్వింది. వాన పేజీ అయింది. గిన్నె నిండింది. ఆఖరి పేజీ వచ్చింది.

"'ఆ సాయంత్రం మూడో గిన్నెలో తేనెని అమ్మా పిల్లా చెరిసగం తిన్నారు.'"

పెద్దమ్మ ఆగింది. చీమ బొమ్మని చూడలేదు, చెప్పుల్ని కూడా చూడలేదు. పెద్దమ్మ మొహం చూసింది.

"ఊరికే తినేశారా?"

"ఊరికే అంటే?"

"రోజూ తినకుండా దాచిందిగా. ఆ రోజెందుకు తింది? ఏమైంది?"

"ఏమీ కాలేదే. తినాలనిపించింది, తింది."

"నాకూ రోజూ తినాలనిపిస్తుంది" అంది చీమ. "అయినా తినను."

పెద్దమ్మ చేతిలో పెన్సిలు కదల్లేదు. గీత ఎక్కడ గీయాలో ఆవిడకి తెలిసింది. గీయాల్సింది ఒక మాట కింద కాదు, ఆఖరి వాక్యం మొత్తం మీద.

"మధ్యలో ఏదో జరిగింది పెద్దమ్మా. నువ్వు రాయలేదు. వాన పేజీకి, దీనికీ మధ్యలో."

"ఏం జరిగుంటుందంటావు?"

"వాళ్ళమ్మ ఏదో చెప్పుంటుంది."

"ఏమని?"

చీమ వెనక్కి తిరిగింది. ముందుగది గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో, చేతిలో కుంచె తెల్లరంగుతో సహా ఎండిపోయింది.

"ఏమని చెప్పిందమ్మా?"

తల్లి లోపలికి చూసింది. అమ్మమ్మ వంటింటి తలుపు దగ్గర నుంచి వద్దన్నట్టు చెయ్యి ఊపింది. తల్లి ఆ చేతిని చూసింది, చూసి వచ్చి చీమకి ఎదురుగా మెట్టు మీద, కింద కూర్చుంది.

"నాన్న రాడు చీమా."

"ఇవాళా?"

"ఇవాళ ఒక్కరోజు కాదు. మనతో ఉండడానికి ఇంక రాడు. వేరేచోట ఇల్లు పెట్టుకున్నాడు. నిన్ను చూడ్డానికి ఎప్పుడైనా వస్తాడేమో, నాకు తెలీదు. వస్తాడని మాత్రం నేను చెప్పలేను."

వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్ళారు. చీమ అటు చూడలేదు.

"మరి చెప్పులు?"

"చూసి గీసినవి కావు. జ్ఞాపకంతో గీశాను. వస్తే బాగుండునని గీశాను. మన ఆటలో పెట్టకూడనిది పెట్టాను. నాదే తప్పు."

"అందుకే ఆ పేజీలో నత్త లేదు" అంది చీమ మెల్లిగా.

"లేదు. మరిచిపోయాను."

చీమ డబ్బా మూత మీద గోటితో గీసుకుంటూ కూర్చుంది. ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. అమ్మమ్మ మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకొచ్చింది. చీమ ఏడవలేదు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"వానలప్పట్నుంచి" అంది తల్లి.

"పెద్దమ్మా, నీకు?"

"నాక్కూడా."

"అమ్మమ్మకి?"

అమ్మమ్మకి సరిగ్గా వినపడదు గానీ, ఈ ప్రశ్న వినపడింది. ఆవిడ నీళ్ళ గ్లాసుతో అలాగే నిలబడిపోయింది.

"అంటే నాకొక్కదానికే తెలీదు."

"బాధపడతావని చెప్పలేదమ్మా" అంది తల్లి.

"ఇప్పుడు పడుతున్నాగా."

చీమ లేచింది. గౌను దులుపుకుంది. పుస్తకాల సంచీ తీసుకుంది. డబ్బాని గడప మీదే వదిలేసింది. తల్లి చెయ్యి చాపితే పక్కనుంచి తప్పుకుని, నీతిగారి కుర్చీ ముందు నుంచి నడిచి, గదిలోకెళ్ళి తలుపేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు అందరికీ వినపడింది.

"చూశారా" అంది అమ్మమ్మ, కన్నీళ్ళతో, కోపంతో. "సంతోషమా మీ ఇద్దరికీ? చెప్పొద్దు, చెప్పొద్దు అంటూనే ఉన్నాను. కథలు రాసుకునేవాళ్ళు కథలు చెప్పుకోక, పిల్లకి ఈ నిజాలెందుకే?"

"నిజం చెప్పినందుకు కాదమ్మా తలుపేసుకుంది" అంది పెద్దమ్మ. ఇంకా ఏదో అనబోయి, తనకి ఆ మాట అనే అర్హత అంతగా లేదని గుర్తొచ్చి ఊరుకుంది.

చెల్లెలు మెట్టు మీంచి లేవలేదు. డబ్బా మూత తీసింది. అడుగునున్న బిస్కెట్లు పొడైపోయాయి, పైవి మెత్తబడ్డాయి. మూత పెట్టేసింది.

"ఇవెవరూ తినలేరక్కా. తేనె పాడవదు గనక నీ కథ సాగింది."

పెద్దమ్మ ఆఖరి పేజీని మోకాలి మీద పెట్టుకుంది. చెరిసగం తిన్న వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. ఇష్టపడి రాసుకున్న వాక్యం. కొట్టేయడానికి ఎక్కువసేపు పట్టలేదు.

నీతిగారు లేచి నిలబడ్డాడు. "నేను ఇలాంటప్పుడు అడక్కూడదు గానీ... మెషీనువాడికి ఏం చెప్పమంటారు?"

అంతలో మూసిన తలుపు వెనక నుంచి చీమ పిలిచింది.

"పెద్దమ్మా."

పెద్దమ్మ పరుగున వెళ్ళి తలుపుకి చెవి ఆనించింది. "చెప్పు చీమా. ఇక్కడే ఉన్నాను."

"ఎలుగుబంటి వాళ్ళమ్మకి ముందే తెలుసా?"

పెద్దమ్మ వెనక్కి తిరిగి చెల్లెల్ని చూసింది. చెల్లెలు గడప దగ్గర, డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. తల ఊపింది.

"తెలుసు" అంది పెద్దమ్మ.

"ఎప్పట్నుంచి?"

"వాన పేజీ నుంచి."

లోపల చీమ తలుపు దగ్గరికి జరిగిన చప్పుడైంది.

"తెలిసి కూడా పిల్లని గిన్నె నింపనిచ్చిందా? వాళ్ళమ్మకి తెలుసని పిల్లకి తెలిసిన పేజీ ఏది?"

పుస్తకంలో ఆ పేజీ లేదు. దానికి మాటలు రాయలేదు, బొమ్మ వేయలేదు. అక్కా చెల్లెలూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తలుపవతల చీమ జవాబు కోసం ఎదురుచూస్తోంది.